మూడో వరస బటన్లు

తిరుపతి, కొర్లగుంట
11 జూన్ 2023

ఒరే అష్రఫూ,

ఎవరి జాబా అని కవరు తిప్పి తిప్పి చూడకు. నేనే, మునికృష్ణను. గాంధీరోడ్డులో మన వీడియో గేముల అంగడి మూతపడి పాతికేళ్ళు దాటినా నీ ముఖం నాకు అట్లే గుర్తుంది. నా ముఖం నువ్వు మరిచిపోయి ఉంటావు. ఓడిపోయినవాడికి గెలిచినవాడి ముఖం ఎందుకులే! కోప్పడకు, సరదాకు అన్నాను.

మీ చెల్లెలు మహబూబున్నీసా పోయిన వారం బస్టాండులో కనిపించింది. నీ ఫోను నంబరు అడిగితే నవ్వింది. "అన్నకు మగ్గాల మోతకు చెవులు పోయినాయప్పా. ఫోను చేస్తే అరిసి అరిసి నీ గొంతు పోతాది. జాబు రాయి, అదైతే రెండుసార్లు సదువుతాడు" అంది. నీకు పవర్లూమ్ షెడ్డు ఉందని, మగ్గాలు రిపేరు చేస్తావని కూడా చెప్పింది. సంతోషం.

నేను ఇరవై ఏళ్ళుగా కొండ మీద కల్యాణకట్టలో గుండ్లు గీస్తున్నాను. ఈ చేతి కింద ఒక్క తలకూ గాటు పడలేదు. ఏడాది నిండని పిల్లలు వస్తే మావాళ్ళు నా ముందుకే పంపిస్తారు. ఇల్లా, పొలమా, నా ఆస్తి అంటే ఈ కుడిచెయ్యే. మా ఆవిడ రత్నమ్మ కూడా అదే అంటుంది, నన్ను చూసి కాదు ఈ చెయ్యిని చూసి కాపురానికొచ్చానని.

సరే, విషయానికొస్తా. నలభై ఆరో ఏట నాకు పిచ్చి పట్టింది. ప్లైవుడ్డుతో గేము పెట్టె సొంతంగా చేసుకున్నాను. లోపల పాత టీవీ, పాత కంప్యూటరు. ఎడమపక్క ఫైటరును ఆడించే కర్ర, కుడిపక్క ఆరు బటన్లు. మూడు నిలువు వరసలు, వరసకు రెండు. మొదటి వరసకు చూపుడువేలు, రెండోదానికి నడిమివేలు, మూడోదానికి ఉంగరంవేలు, మనం ఆడే పద్ధతే. మొదటి నాలుగూ బంగారం. మూడో వరసలో రెండు మాత్రం చచ్చినట్టు పడి ఉంటాయి. నాలుగుసార్లు నొక్కితే నా ఫైటరు ఒక తన్ను తంతాడు. ఆ లోపల అవతలివాడు నా పళ్ళు రాలగొడుతున్నాడు.

మీ నాయన గౌస్ మొహిద్దీన్ గారంటే ఆ అంగడి మిషన్లకు వైద్యుడు. నువ్వు ఆయన కొడుకువి. ఏం చేయాలో చెప్పు.

నీ
మునికృష్ణ

నగరి, ఏకాంబరకుప్పం
19 జూన్ 2023

మునీ,

బతికే ఉన్నావన్నమాట. చదివి చాలాసేపు నవ్వాను. ఆడలేక మద్దెల ఓడన్నారని, ఆ సామెత ఒకప్పుడు నా నెత్తిన మోగించినవాడివి నువ్వే. ఇప్పుడు నీ మద్దెల ఎట్లా ఓడైందో చూద్దాం.

పెట్టె వెనక తలుపు తియ్యి. ప్రతి బటన్ను అడుగునా చిన్న స్విచ్చి ఉంటుంది. దానికి రెండు తీగలు. రంగు తీగ బోర్డుకు పోతుంది. నల్ల తీగ ఒక బటన్ను నుంచి ఇంకో బటన్నుకు గొలుసులాగా తిరుగుతుంది. ముందు మొదటి వరస స్విచ్చిలు పీకి మూడో వరసకు పెట్టు, అక్కడివి ఇక్కడ పెట్టు. రోగం స్విచ్చితో పాటు మొదటి వరసకు నడిచొస్తే స్విచ్చి చెడింది. రాకపోతే రంగు తీగలు మార్చి చూడు. అప్పటికీ రోగం మూడో వరసలోనే కూర్చుంటే, నీ ఎడమచేతి చూపుడువేలితో ఆ బటన్లు నొక్కి చూడు. రత్నమ్మను కూడా నొక్కమను. ఏమైందో ఉన్నదున్నట్టు రాయి.

ఇంకొక సంగతి. అంగడి గోడ మీద స్కోర్లు రాసేవాడివి నువ్వే. అచ్చు గుద్దినట్టుండేవి. ఈ జాబులో నీ అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. అందుకని మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. మోచెయ్యి మడిచి కూర్చుంటే చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కుతున్నాయా? తాళంచెవి తిప్పేటప్పుడు చేతిలోంచి జారుతోందా? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం గట్టిగా పట్టుకుని రత్నమ్మను లాగమను. నిలుస్తుందా, జారిపోతుందా?

నవ్వులాట కాదు. మా అబ్బా చేతికి ఏమైందో నీకు తెలియదు. నీ జవాబు వచ్చాక రాస్తాను. ఆలస్యం చేయకు.

అష్రఫ్

తిరుపతి, కొర్లగుంట
2 జూలై 2023

అష్రఫూ,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. స్విచ్చిలు మార్చాను, తీగలు మార్చాను. రోగం మూడో వరస వదిలి కదల్లేదు. ఎడమచేత్తో నొక్కితే ప్రతిసారీ తంతున్నాడు. రత్నమ్మ నొక్కితే కూడా తంతున్నాడు. ఆమె నా మీద పడి నవ్వింది. "బటన్ను బాగుండాది. నువ్వే బాగలేవు. పుత్తూరికి పోయి సేతికి కట్టు కట్టించుకో పో" అంది. పిండి రుబ్బే చెయ్యి ఆమెది, కొండనైనా నొక్కుతుంది. ఆమెతో నాకు పోలికేమిటి!

నీ ప్రశ్నలు వింతగా ఉన్నాయి గాని జవాబు రాస్తున్నాను. తిమ్మిరి ఉగాది నుంచి ఉంది. తాళంచెవి జారుతోంది. కాగితం రత్నమ్మ ఊరకే లాగేసింది. రోజంతా కత్తి పట్టినవాడికి ఇవన్నీ మామూలే అనుకుంటాను. ఎందుకు అడిగావు?

నువ్వు ఇంత శ్రద్ధగా రాస్తే నాకు సిగ్గేసింది. అందుకే ఒక పాత మాట చెప్పేస్తున్నాను. తొంభై ఏడులో ఫైనలు రోజు నీ బటన్ను పనిచేయడం లేదని నువ్వు అరిచావు చూడు, నిజమే రా. టీ తాగడానికి అందరూ బయటికి పోయినప్పుడు నీ పక్క నల్ల తీగ నేనే లాగాను. నువ్వు ఓడిపోయి గొడవ చేస్తుంటే ఆ గుంపులో వంగి మళ్ళీ తగిలించాను. మీ నాయన వచ్చి నొక్కి చూస్తే పనిచేసింది. ఆయన బెల్టు తీశాడు. మేమంతా ఎంత నవ్వామో! పంతొమ్మిదేళ్ళ ముండమోపి వయసు. ఇప్పుడు తలుచుకుని నువ్వూ నవ్వుకుంటావని రాశాను.

బటన్ల మందు త్వరగా చెప్పు.

మునికృష్ణ

నగరి
9 జూలై 2023
(పోస్టు చేయలేదు)

మునీ,

ఈ జాబులో నేను రాయాల్సింది ఒకటే మాట. రేపే నరాల డాక్టరు దగ్గరకు పో. నీ బటన్లు బాగున్నాయి. నీ మోచేతి దగ్గర నరం నలుగుతోంది.

మా అబ్బాకు ఇదే వచ్చింది. నగరికి వచ్చాక మగ్గం దూలం మీద మోచెయ్యి ఆనించి పనిచేసేవాడు. ఇవే తిమ్మిర్లు, ఇదే జారడం. మేము ఏడాది పట్టించుకోలేదు. డాక్టరు అడిగిన మూడు ప్రశ్నలే నేను నిన్ను అడిగాను. ఆర్నెల్లు ముందొస్తే చెయ్యి దక్కేదన్నాడు. చివరి ఎనిమిదేళ్ళు అబ్బా రెండు వేళ్ళు కొక్కెంలాగా ముడుచుకుని, అన్నం ముద్ద నేను కలిపిపెడితే తిన్నాడు.

ఆ ముద్దలు తింటూ కూడా నన్ను నమ్మలేదు. నువ్వు నవ్వుకోమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు ఆయన కొట్టింది ఓడినందుకు కాదు. తన చేత్తో బాగుచేసిన మిషను మీద కొడుకే అబద్ధం చెప్పాడని. సిగ్గుతో ఆ వారమే పని మానేశాడు. ఊరే వదిలేశాం. మీరంతా నాకు చచ్చువేళ్ళ అష్రఫ్ అని పేరు పెట్టారు. ఆయన చనిపోయేముందు కూడా అడిగాను, "అబ్బా, ఆ రోజు బటన్ను నిజంగానే పనిచేయలేదు" అని. ఆయన ముఖం అటు తిప్పుకుని, "ఇంకా ఆ అబద్ధం ఇడవలేదా నాయనా" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాటల్లో అదొకటి.

పనిచేయని బటన్నును అందరూ పనిచేస్తుందన్నారు. ఇప్పుడు పనిచేసే బటన్నును నువ్వు పనిచేయదంటున్నావు. నేను నిన్ను నమ్ముతాను మునీ. ఊళ్ళో ఒక్కడైనా నిన్ను నమ్మాలి కదా.

నాకు ఎంత కోపంగా ఉందంటే పెన్ను మొన కాగితాన్ని చించేస్తోంది. ఈ కాగితం పొయ్యిలోకి.

నగరి, ఏకాంబరకుప్పం
10 జూలై 2023

ప్రియమైన మునీ,

నీ జాబు చదివి కడుపుబ్బ నవ్వుకున్నాను. దొంగ వెధవా, ఇన్నేళ్ళు ఎట్లా దాచావు! పోనీలే, చిన్ననాటి మాటలు. మా అబ్బా ఉంటే ఆయనా నవ్వేవాడు.

ప్రశ్నలు ఊరికే అడిగాను. కరెంటు లీకైతే వేళ్ళు తిమ్మిరెక్కుతాయేమోనని. నువ్వు చెప్పింది చూస్తే అట్లాంటిదేమీ లేదు. మన వయసులో తిమ్మిరి ఎవరికి లేదు? నాకూ ఉంది. మరిచిపో.

అసలు రోగం దొరికింది. రత్నమ్మ గట్టిగా, నిదానంగా నొక్కుతుంది కాబట్టి పనిచేస్తోంది. నువ్వు ఆటగాడివి, చటుక్కున నొక్కుతావు. స్విచ్చి లోపలి రేకు కొత్తది, బిగుసుకుని ఉంది. కొత్త చెప్పు కరిచినట్టే ఇదీను. దాన్ని మచ్చిక చేసుకోవాలి. మోచెయ్యి బటన్లున్న పలక అంచు మీద బాగా ఆనించి, బరువంతా దానిమీద వేసి, ఉంగరంవేలితోనే రోజుకు ఐదువందల సార్లు నొక్కు. చెయ్యి మార్చావంటే మళ్ళీ మొదటికి వస్తుంది. నొప్పి పుడితే పనిచేస్తోందని అర్థం. దానితో పాటు నల్ల తీగ గొలుసంతా కోసి, కొత్తగా సోల్డరు పెట్టు. ఆ పనీ కుడిచేత్తోనే, తొందరపడకుండా.

నలభై రోజులు చేసి రాయి. నీ ఆట మళ్ళీ చూడాలని నాకూ ఆశగా ఉంది.

నీ ప్రాణస్నేహితుడు
అష్రఫ్

తిరుపతి, కొర్లగుంట
27 ఆగస్టు 2023

అష్రఫూ,

నలభై కాదు, నలభై అయిదు రోజులు చేశాను. డ్యూటీ నుంచి దిగి బస్సులో ఇంటికి రావడం, పెట్టె ముందు కూర్చోవడం, అయిదువందలు లెక్కపెట్టడం. రత్నమ్మ దీన్ని సంధ్యావందనం అంటోంది. మోచేతి దగ్గర కాయ కాసింది. బటన్లు మాత్రం ఇంకా మొండికేస్తున్నాయి. నిజం చెప్పాలంటే మునుపటికంటే పాడైంది. పదిసార్లు నొక్కితే ఒకసారి.

అక్షరాలు చూసి తిట్టుకోకు. పెన్ను నిలవడం లేదు. బొటనవేలి పక్కన కండ గుంటపడింది. మొన్న కల్యాణకట్టలో కత్తి చేతిలోంచి జారి పడింది. తలకు తగల్లేదు, నేల మీద పడింది. ఆ పూటకు పసిపిల్లలను పక్కవాడి దగ్గరకు పంపించేశాను. రత్నమ్మ ఆస్పత్రికి పదమని రోజూ పోరుతోంది. నేను వినలేదు. "అష్రఫ్‌ను అడుగుతా. వాడు సెప్తే పోతా. వాడు నాకంటే తెలివైనోడు" అన్నాను.

చెప్పు. పోవాలా?

మునికృష్ణ

నగరి, ఏకాంబరకుప్పం
5 సెప్టెంబరు 2023

మునీ,

పోతే పో, నేనెందుకు కాదంటాను. కానీ ఆలోచించుకో. చేతికి జబ్బని డాక్టరు ఒక చీటీ రాస్తే అది కొండ మీద మీ ఆఫీసుకు చేరుతుంది. చీటీ ఉన్నవాడి చేతికి పసిపిల్ల తల ఎవరిస్తారు? ఇరవై ఏళ్ళ పేరు. కత్తి ఎవరికి జారదు? తడి చేతులకు సబ్బు కూడా జారుతుంది. కొన్నాళ్ళు ఓర్చుకో.

నాకు ఇప్పుడు బోర్డు మీద అనుమానంగా ఉంది. మద్రాసులో తెలిసినవాడికి చెప్పి కొత్తది తెప్పిస్తున్నాను. రెండు నెలలు పట్టొచ్చు. అంతవరకు నొక్కడం ఆపకు. కండ గుంటపడడం వేళ్ళు కసరత్తుకు అలవాటు పడుతున్న గుర్తు. మా షెడ్డులో అందరి చేతులూ అట్లే ఉంటాయి.

నువ్వు నన్ను తెలివైనవాడినన్నావు. ఆ మాట నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

అష్రఫ్

తిరుపతి
19 నవంబరు 2023

అష్రఫూ,

బోర్డు అందింది. స్క్రూ తిప్పలేకపోయాను, రత్నమ్మ తిప్పింది. బటన్లు అట్లే. రెండు వేళ్ళు ముడుచుకుంటున్నాయి, చాపుదామన్నా రావు. ఒక్క పేజీ రాయడానికి పొద్దంతా పట్టింది. మీ నాయన చేతి సంగతి ఏదో చెబుతానన్నావు, చెప్పనే లేదు. నాకు భయంగా ఉంది రా. వెంటనే రాయి.

మునీ

తిరుపతి, కొర్లగుంట
18 ఫిబ్రవరి 2024

అష్రఫూ,

ఈ దస్తూరీ రత్నమ్మది. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. నవంబరు జాబుకు నీ జవాబు రాలేదు. ఒంట్లో బాగలేదేమోనని బెంగపడ్డాను.

నా కథ చెబుతా విను. డిసెంబరులో ఒక పాపకు గుండు గీస్తున్నాను. పది నెలల పిల్ల. వాళ్ళమ్మ ఒడిలో పెట్టుకుని నవ్విస్తోంది. కత్తి మెలిపడింది. చెవి పైన తెగింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ తల్లి నన్ను తిట్టలేదు అష్రఫూ. తిట్టి ఉంటే బాగుండేది. "నీకేమైందన్నా, సెయ్యి అట్ల వణుకుతాండాది" అని అడిగింది. నేనే కత్తి కింద పెట్టి లేచి వచ్చేశాను. మళ్ళీ పట్టలేదు.

నరాల డాక్టరు చూశాడు. మోచేతి దగ్గర నరం నలిగిందన్నాడు. ఆపరేషను చేశారు. ఇంకా చెడకుండా ఆగుతుందట, పోయింది మాత్రం తిరిగి రాదట. "జూలైలో వచ్చింటే నీ సెయ్యి నీకు దక్కేదే, ఎవురూ సెప్పలేదా?" అన్నాడు. ఎవరు చెబుతారు! నాకు తెలియదు, నీకు తెలియదు. ఇద్దరు మూర్ఖులం బటన్లతో కుస్తీ పట్టాం.

బటన్లు మొదటి నుంచీ బాగున్నాయి రా. పాపం, నా కోసం నువ్వు ఎన్ని జాబులు రాశావు, ఎంత ఆలోచించావు, మద్రాసు నుంచి బోర్డు కూడా తెప్పించావు. ఆ రోజు నీ తీగ లాగినందుకు దేవుడు నాకు వేసిన శిక్ష ఇది అనుకుంటున్నాను. నిన్ను క్షమాపణ కూడా సరిగా అడగలేదు, నవ్వుతూ రాసేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. క్షమించు.

పెట్టెను ఆదివారం ట్రాలీ ఆటోలో నీకు పంపిస్తున్నాను. ఇక్కడుంటే దాన్ని చూసి ఏడుపొస్తోంది. నువ్వైనా ఆడు. మిగిలిన స్నేహితుడివి నువ్వొక్కడివే.

మునికృష్ణ

అష్రఫన్నా,

ఇక్కడి నుంచి నా మాటలు. ఆయన గడ్డం గీయించుకోవడానికి అంగడికి పోయినాడు. తన గడ్డం తాను గీసుకోలేడు.

డాక్టరు ఆయన్ను మూడు ప్రశ్నలు అడిగాడు. తిమ్మిరి, తాళంచెవి, కాగితం. ఆయనకు గుర్తు రాలేదు. నాకు వచ్చింది, ఆ కాగితం లాగింది నేనే కదా. ఇంటికొచ్చి మీ జాబులన్నీ తీసి చదివాను. మోచెయ్యి పలక అంచున ఆనించి నొక్కమన్న జాబును డాక్టరు దగ్గరకు తీసుకుపోయి చూపించాను. డాక్టరు రెండుసార్లు చదివి, "ఇది రాసినోడు ఎవురమ్మా?" అన్నాడు. స్నేహితుడు అని చెప్పాను.

మీ చెల్లెలిని అడిగి మీ నాయన చేతి సంగతి, ఆ బెల్టు సంగతి కూడా తెలుసుకున్నాను. మీరు ఎందుకు చేశారో నాకు అర్థమైంది. బెల్టు దెబ్బలు మీరు తిన్నారు. మా ఆయన చేసింది తప్పే, అది నేను కాదనను. కానీ మూడు కుట్లు పడిన ఆ పాప మీకేం చేసిందన్నా? ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన చెయ్యి పోతే నేనేం తినాలి? పొద్దున నాలుగిళ్ళలో అంట్లు తోముతున్నాను. మిమ్మల్ని తిట్టుకోని రోజు లేదు.

ఆయనకు చెప్పలేదు. చెప్పను. చెయ్యి పోయినా లేచి తిరుగుతున్నాడంటే, నాకొక స్నేహితుడున్నాడని చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. అది కూడా పోతే ఆయన మిగలడు.

అందుకని మీరు నెలకొక జాబు రాయాలి. నవంబరులో మానేసినట్టు మానేస్తే కుదరదు. పెట్టె ఎట్లా పనిచేస్తోందో, రోజూ ఎట్లా ఆడుతున్నారో, మూడో వరస ఎంత బాగా తంతోందో రాయాలి. నవ్వించాలి. ఆయన జవాబులో మిమ్మల్ని మెచ్చుకుంటాడు. మీరు కూర్చుని అదంతా చదవాలి. ఆయన చెప్పేది ఒక్క మాట తగ్గించకుండా నేను రాస్తాను.

ఒక్క నెల తప్పినా, మీ జాబులన్నీ పట్టుకుని నగరి బస్సెక్కి, మీ చెల్లెలిని, మీ పిల్లలను కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.

మార్చి జాబు కోసం ఆయన ఇప్పటి నుంచే ఎదురు చూస్తున్నాడు.

రత్నమ్మ